నేను చేసిన దిద్దుబాటు

తప్పులు దిద్దుట ఉపాధ్యాయుని పని. ముప్పది యేండ్లకు పైగా నేనా పని చేసితిని. పరీక్షలు ముగిసిన వెంటనే జవాబు పత్రముల కట్టలు మా యింటికి చేరుచుండెడివి. రాత్రి భోజనమైన పిదప ఎఱ్ఱసిరా కలము చేతబట్టి కూర్చుండి, తప్పును కొట్టివేసి, ఒప్పునకు మార్కు వేసి, చివర మొత్తము కూడి సంతకము చేయుచుంటిని. నేను గీచిన ప్రతి గీతయు న్యాయమైనదే యని అప్పుడు నా నమ్మకము. న్యాయము కాని గీత యొకటి కలదని చాల కాలమునకు గాని నాకు తెలియలేదు. ఆ గీత కథయే ఇప్పుడు మీకు చెప్పబోవుచున్నాను.

అది 2003వ సంవత్సరము, డిసెంబరు నెల. కృష్ణాజిల్లా నందిగామ ప్రాంతమున నొక పల్లెలోని ఉన్నత పాఠశాలలో నేను తెలుగు బోధించుచుంటిని. ఎనిమిదవ తరగతి వారికి అర్ధసంవత్సర పరీక్ష జరిగినది. "తెలుగులో మొదటి కథానిక ఏది? దానిని రచించిన వారెవరు?" అని ఒక మార్కు ప్రశ్న నేనే ఇచ్చితిని. గురజాడ అప్పారావు గారు 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు' మొదటి కథానిక యని తరగతిలో చెప్పి వ్రాయించితిని. కనుక దిద్దవలసిన పని కూడ అంతగా లేదు. కట్టలోని పత్రము లన్నిటను ఆ జవాబే కన్పట్టుచుండెను. ఒక్క పత్రము దగ్గఱ మాత్రము నా కలము ఆగినది. అందులో ఒక బాలిక గుండ్రని అక్షరములతో ఇట్లు వ్రాసెను: 'ధనత్రయోదశి. భండారు అచ్చమాంబ. 1902.'

ఆ పేరు నేనెన్నడును వినలేదు. వినని పేరు తప్పు కాక మఱేమగునని తలచితిని. జవాబు మీద అడ్డముగా ఎఱ్ఱగీత గీచి, ప్రక్కన సున్న చుట్టి, తరువాతి ప్రశ్నకు పోయితిని. ఆ పని చేయుటకు నాకు అరనిమిషమైనను పట్టియుండదు.

మఱునాడు పత్రములు పంచితిని. గంట కొట్టిన పిమ్మట ఆ బాలిక నా బల్ల దగ్గఱకు వచ్చి నిలిచెను. ఆమె తండ్రి ఊరి శాఖా గ్రంథాలయములో పని చేయుచుండెను. సాయంకాలము వేళ ఆమె అక్కడ కూర్చుండి చేతికందిన దెల్లను చదువునని నేనెఱుగుదును.

"మాస్టారూ, ఇది గ్రంథాలయంలో ఒక వ్యాసంలో చదివానండీ. చూసి రాసుకున్నాను కూడా" అని నోటుపుస్తకము తెఱచి చూపబోయెను.

నేను పుస్తకము వంక చూడలేదు. "పరీక్షలో నేను చెప్పింది రాయాలమ్మా. అక్కడా ఇక్కడా చదివింది కాదు" అంటిని.

"అది నిజం కాదాండీ మాస్టారూ?" అని ఆమె మెల్లగా అడిగెను.

"నిజమో కాదో నీకెందుకు? మార్కు కావాలంటే నోట్సు చదువు" అని లేచిపోయితిని. వెనుక నోటుపుస్తకము మూసిన చప్పుడు నాకు విననైనది. ఆ బాలిక మరల ఎన్నడును నా బల్ల దగ్గఱకు రాలేదు. అది వినయమని నేను సంతోషించితిని.

తరువాత ఆమె పదవ తరగతి ముగించి వెళ్లిపోయెను. 2008లో నేనును పదవీ విరమణము చేసితిని. ఆ సంగతి పూర్తిగ మఱచితిని.

2011వ సంవత్సరము జనవరి నెలలో విజయవాడ పుస్తక మహోత్సవమునకు పోయితిని. అంగడి అంగడి తిరుగుచుండగా ఒక పుస్తకము మీది పేరు నన్ను నిలిపివేసినది. అది భండారు అచ్చమాంబ కథల సంపుటము. సంగిశెట్టి శ్రీనివాస్ గారు పాత పత్రికలలో చెదరియున్న కథలను వెదకి తెచ్చి 2010లో దానిని ప్రకటించిరి. పుటలు త్రిప్పితిని. 'ధనత్రయోదశి' కనబడినది. అది 'హిందూసుందరి' యను స్త్రీల మాసపత్రికలో 1902 నవంబరు నెలలో అచ్చయినట్లు తెలిసికొంటిని. చుట్టును జనము త్రోసికొని పోవుచుండిరి. నేను మాత్రము ఆ పుట తెఱచుకొని అక్కడనే నిలిచితిని. ఏడేండ్ల క్రిందటి ఆ గుండ్రని అక్షరములు, వాని మీది ఎఱ్ఱగీత, ప్రక్కనున్న సున్న, అన్నియు కన్నులకు కట్టినట్లయ్యెను.

ఆ రాత్రియే కథ చదివితిని. దీపావళి పండుగ దినములలో ఒక పేద సంసారమున జరిగిన కథ యది. పేదరికమునకు తాళలేక తప్పుదారి పట్టబోయిన భర్తను భార్య ధర్మమార్గమునకు మరలించును. నేను ఏటేట పొగడి చెప్పిన 'దిద్దుబాటు'లో మాత్రమేమున్నది? అందును విద్య నేర్చిన కమలిని తన భర్త నడవడిని నేర్పుతో దిద్దును. ఎనిమిదేండ్ల యెడముతో పుట్టిన రెండు కథలలోను భర్తను దిద్దినది భార్యయే. మొదటి దానిని వ్రాసినది కూడ స్త్రీయే.

కథానిక యనగా నేమి, దాని లక్షణము లేవి యను విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. నాటి వాడుక భాషలో, ఆధునిక శిల్పముతో వెలసినందున 'దిద్దుబాటు'నకే ప్రథమ స్థానము చెల్లునని కొంద ఱందురు. కాలక్రమమును బట్టి చూచినచో అచ్చమాంబ కథయే ముందరిదని మఱికొంద ఱందురు. ఈ వాదము వలన గురజాడ వారి కీర్తికి వచ్చు లోపమేమియు లేదు. కాని ఆ బాలిక జవాబు మాత్రము కొట్టివేయదగినది కాదు. ఆలోచింపదగినది. ఆ ఆలోచనకే నేను సున్న చుట్టితిని.

ఆ మీదట అచ్చమాంబ చరిత్రము తెలిసికొనవలెనని కోరిక కలిగినది. ఆమె 1874లో పెనుగంచిప్రోలులో జన్మించెనని చదువగానే నాకు తలవంపులైనవి. పెనుగంచిప్రోలు మా పాఠశాలకు దూరము కాదు. అక్కడి తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు నేను పిల్లలతో ఎన్నో మార్లు పోయితిని. మునేటిలో స్నానము చేసితిని. ఆ నేలమీద పుట్టిన రచయిత్రి పేరు మాత్రము నాకు తెలియదు. దీపము క్రింద చీకటి యని పెద్దలూరక యనలేదు.

మఱియొక సంగతి నన్ను ఇంకను సిగ్గుపఱచినది. హైదరాబాదులో 1901లో నెలకొల్పబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు స్థాపకులలో నొకరును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన వారును, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్న వారును అగు కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారిని గూర్చి నేను ఎందఱికో పాఠము చెప్పితిని. అచ్చమాంబ ఆయనకు తోబుట్టువైన అక్క. తమ్ముని గూర్చి గంటలకొలది చెప్పిన నేను అక్కను గూర్చి ఒక్క మాటయైన చెప్పలేదు.

ఆమెకు బడి చదువు లేదు. చిన్ననాడే తండ్రి గతించెను. పదియేండ్ల ప్రాయమున భండారు మాధవరావు గారితో వివాహమైనది. ఆయన ఉద్యోగము మధ్యపరగణాలలో నగుటచే తెలుగు నేలకు దూరముగ కాపురముండవలసి వచ్చెను. తమ్ముడు లక్ష్మణరావు అక్క యింట నుండి నాగపురములో చదువుకొనెను. అతడు చదువుకొనుచుండగా ఆమెయు అతని వలన తెలుగు, హిందీ భాషలు చక్కగా నేర్చెను. పిమ్మట మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలలో ప్రవేశము సంపాదించెను. సంస్కృతమును, ఇంగ్లీషును కూడ కొంత అభ్యసించెను. కన్నబిడ్డలను పసితనముననే పోగొట్టుకొనియు ఆమె చదువు మానలేదు, వ్రాయుట మానలేదు. 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను.

తమ్ముని యొద్ద అక్క చదువు నేర్చెనన్న మాట చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. నాకును ఒక అక్కయ్య కలదు. నాకంటె నాలుగేండ్లు పెద్దది. ఐదవ తరగతితో ఆమెను బడి మాన్పించిరి. ఆడపిల్ల పొరుగూరి బడికి నడచి పోవలదని ఇంటిలో నిశ్చయించిరి. నేను మాత్రము పోయితిని. సాయంకాలము నేను పద్యములు వల్లె వేయుచుండగా అక్కయ్య వంటయింటి గుమ్మమున కూర్చుండి బియ్యమేరుచు వినుచుండెడిది. నేను మఱచిన పాదమును ఆమెయే అందించుచుండెడిది. నా పుస్తకములకు కాగితపు అట్టలు వేసి, పైన నా పేరు వ్రాసి యిచ్చినదియు ఆమెయే. మా యింట ఎన్నో పుస్తకము లుండెడివి. అన్నింటి మీదను నా పేరే. "అక్కయ్యా, నీవును చదువుకొనుము, నేను చెప్పెదను" అను మాట నాకెన్నడును తోచలేదు. లక్ష్మణరావు గారికి తోచినది. గొప్పతనమనగా నిదియే కాబోలునని అనుకొంటిని.

తరువాత అచ్చమాంబ రచించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను సంపాదించి చదివితిని. అది 1901లో గ్రంథరూపమున వెలువడినది. స్త్రీలు సహజముగ బలహీనులు, బుద్ధిలో తక్కువవారు, చదివించినచో చెడిపోవుదురు అని లోకులు చెప్పు మాటలు నిజము కావని ఋజువు చేయుట కామె ఆ గ్రంథమునకు పూనుకొనెను. వాదములు పెంచక, నిజముగ జీవించిన ఉత్తమ స్త్రీల చరిత్రలనే సాక్ష్యముగ నిలిపెను. అనేక భాషల గ్రంథములు వెదకి, ఊరు గడప దాటుట కూడ కష్టమైన కాలమున, ఆమె ఈ పని చేసెను. మన దేశ చరిత్రలోని స్త్రీలతో మొదలుపెట్టి, వేద పురాణ కాలముల వారిని, పిమ్మట పరదేశ స్త్రీలను గూర్చియు వ్రాయవలెనని ఆమె సంకల్పము. ఆ సంకల్పము పూర్తి కాకుండగనే 1905 జనవరిలో బిలాస్‌పూరులో ఆమె మరణించెను. అప్పటి కామెకు ముప్పదియొక్క యేండ్లైనను నిండలేదు.

ఆ గ్రంథములో ఖనా అను విదుషి చరిత్రము కలదు. ఖనా వంగదేశపు జనశ్రుతిలో ప్రసిద్ధి కెక్కిన జ్యోతిష విద్వాంసురాలు. ఆమె విద్య మామగారైన వరాహుని విద్యను మించెననియు, అందుచే ఆమె నాలుక కోయబడెననియు అక్కడివారు చెప్పుకొందురు. కాని వానలను గూర్చియు, పంటలను గూర్చియు ఖనా చెప్పినవిగా పేరొందిన సామెతలు నేటికిని వంగదేశమున రైతుల నోట వినవచ్చుచున్నవి. నాలుక పోయిన దాని మాట మిగిలినది. సూసీ తారు, కె. లలిత గారలు సంపాదకులుగా 1991లో వెలువరించిన భారతీయ స్త్రీల రచనల ఆంగ్ల సంకలనములో అచ్చమాంబ వ్రాసిన ఈ చరిత్రమునకు అనువాదము చేర్చబడినది. అనగా నేను ఎఱ్ఱగీత గీచుటకు పండ్రెండేండ్లకు ముందే ఆమె మాట ఇతర దేశముల వారికిని అందినది. ఆ పల్లెలోని చిన్నపిల్లకును అందినది. నడుమనున్న తెలుగు మాస్టరునకు మాత్రము అందలేదు.

ఎందుకిట్లు జరిగినదని ఆలోచించితిని. అచ్చమాంబను ఎవరో పగబట్టి మఱపించిరని నేను అనుకొనను. ఆమె చిన్నతనమున పోయెను. కథలు పాత పత్రికలలో నుండిపోయెను. ఒకరు వ్రాసిన దానిని చూచి మఱియొకరు వ్రాసిరి, ఆ వ్రాసిన దానిని చూచి నావంటి వారు పిల్లలచే వ్రాయించిరి. ఇందులో ఎవరిదియు పెద్ద తప్పు కాదు. అందఱిదియు చిన్న తప్పే. అరనిమిషపు తప్పు. అట్టి చిన్న తప్పులు వేలకొలది చేరినప్పుడు ఒక మనుష్యుని జీవితకాలపు శ్రమ కానరాకుండ పోవును.

ఆ యేడు సంక్రాంతి వెళ్లిన పిమ్మట కథల పుస్తకము తీసికొని అక్కయ్య యింటికి పోయితిని. ఆమెకు అప్పటికి అరువదియైదేండ్లు దాటినవి. కండ్లద్దములు సవరించుకొని, వ్రేలితో ఒక్కొక్క పంక్తి నంటుచు 'ధనత్రయోదశి'ని పైకి చదువసాగెను. పాతకాలపు మాటల దగ్గఱ కొంచెము తడబడెను, కాని ఎక్కడను నన్ను సాయమడుగలేదు. కథ ముగిసిన తరువాత నేను ఆ బాలిక సంగతియు, ఎఱ్ఱగీత సంగతియు దాచక చెప్పితిని. నన్ను ఓదార్చునని నా ఆశ. అక్కయ్య చాలసేపు మాటాడలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ పిల్ల మార్కు ఆ పిల్లకు ఇచ్చేశావా?" అని అడిగెను.

"ఇప్పుడెలా ఇస్తానక్కయ్యా? ఏడేళ్లయింది" అంటిని.

"అప్పు అప్పే కదరా. ఏళ్లు గడిస్తే తీరిపోతుందా?" అనెను.

ఇంటికి వచ్చి ఆ రాత్రియే ఉత్తరము వ్రాసితిని. ఆ బాలిక తండ్రి గ్రంథాలయముననే పని చేయుచుండుటచే చిరునామా దొరకుట కష్టము కాలేదు. ఉత్తరము వ్రాయుట మాత్రము కష్టమయ్యెను. ఎందఱి వ్యాసములనో దిద్దిన నేను నాలుగు పంక్తులు వ్రాయుటకు నాలుగు కాగితములు చింపితిని. చివరకు ఇట్లు వ్రాసితిని: నీవు వ్రాసిన జవాబును చూడకనే తప్పని కొట్టివేసితిని. నీవు చూపబోయిన పుస్తకమును చూడనైతిని. తప్పు నాది. నీకు రావలసిన మార్కు నా యొద్దనే యున్నది.

పదిదినములకు జవాబు వచ్చినది. ఆమె అప్పుడు ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండెను. ఉత్తరము నాయెడ గౌరవముతోనే వ్రాయబడినది. మార్కు సంగతి తానెన్నడో మఱచితినని వ్రాసెను. ఆ మాటతో నా మనస్సు కుదుటపడినది. కాని క్రింద మఱి రెండు వాక్యము లుండెను. ఆనాటి నుండి నోట్సులో లేని మాటను తాను ఏ పరీక్షలోను వ్రాయలేదట. అడుగవలెనని తోచిన ప్రశ్నలను కూడ తరగతిలో అడుగుట మానివేసెనట. ఆమె దీనిని నిందగా వ్రాయలేదు. ఉన్న సంగతి ఉన్నట్లు వ్రాసెను. అది చదివినప్పుడు గాని నేను ఆనాడు నిజముగ కొట్టివేసినదేదో నాకు బోధపడలేదు. మార్కు తిరిగి యీయవచ్చును. ఏడేండ్లుగా అడుగకుండ మిగిలిపోయిన ప్రశ్నలను ఎవరు తిరిగి యీయగలరు?

ఉత్తరము చివర ఆమె ఒకటి కోరెను: "మాస్టారూ, ఆ రత్నమాల ఎక్కడైనా దొరికితే నాకు చెప్పండి. చదవాలని ఉంది." ప్రశ్న పూర్తిగ చావలేదని ఆ ఒక్క వాక్యము నాకు ధైర్యము చెప్పినది.

విద్యార్థులారా! మీ యుపాధ్యాయులు చెప్పునది శ్రద్ధగా వినుడు. నేను దానికి అడ్డుపలుకను. కాని మీరు వేఱొకచోట వేఱు మాట చదివినప్పుడు దానిని దాచుకొనకుడు. పుస్తకము తీసికొని వచ్చి చూపుడు. చూడనివాడు నావలె తరువాత చింతించును. చూచినవాడు మీతో పాటు తానును ఒకటి నేర్చును. మీలో తమ్ముళ్లయిన వారికి మఱియొక మాట. మీరు చదువునప్పుడు గుమ్మము దగ్గఱ కూర్చుండి వినుచున్నదెవరో ఒకసారి తిరిగి చూడుడు.

రత్నమాలను సంపాదించి, పంపుటకు ముందు అక్కయ్యకు చూపితిని. నాకు పాత అలవాటు చొప్పున మొదటి పుటపై పేరు వ్రాయుటకు కలము తీసితిని.

"నీ పేరు రాయకురా. ఆ పిల్ల పేరు రాయి" అని అక్కయ్య అనెను.

అట్లే వ్రాసితిని. ఈసారి నీలిసిరాతో వ్రాసితిని.